ఏడో గడి

జనరల్ లెడ్జరంటే ఆరు గడులు. తేదీ, వోచరు నంబరు, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ. కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్న దమయంతిని నిద్రలో లేపి అడిగినా ఆ ఆరే చెబుతుంది. అలాంటిది ఆ మంగళవారం ప్రింటరులోంచి వచ్చిన మొదటి కాగితం మీద ఏడో గడి కనబడేసరికి ఆమెకి అన్నంలో రాయి తగిలినట్టయింది. గడి పైన ‘చెయ్యి’ అని ఉంది. దాని కింద వరసగా ఒకట్లు, అక్కడక్కడా రెండ్లు.

“ఒకటంటే మీరండీ. రెండంటే ఢిల్లేశ్వరి,” అంది ఇందుశ్రీ, పక్కనే నిలబడి.

ఇందుశ్రీ ఆ లెక్కల సాఫ్ట్‌వేరు తయారుచేసిన విశాఖపట్నం కంపెనీలో ఇంజనీరు. ముప్పై దాటని పిల్ల. జీడిపప్పు నమూనాలు పెట్టే గది ఖాళీ చేయించి, అందులో రెండు కంప్యూటర్లు పెట్టుకుని వారం రోజులుగా అక్కడే కాపరముంటోంది. వచ్చిన రోజే దమయంతినీ, ఆమె కింద పనిచేసే ఢిల్లేశ్వరినీ చెరో వంద వోచర్లు కొట్టమంది. వాళ్లు ఏం కొట్టారో చూడనేలేదు. ఎలా కొట్టారో మాత్రం యంత్రానికి నేర్పింది.

“మెట్లెక్కే చప్పుడు వింటే వస్తున్నది ఎవరో మీకు తెలిసిపోదూ? ఇదీ అంతే. వేళ్లకీ ఒక నడకుంటుంది. ఒక మీటకీ ఇంకో మీటకీ మధ్య మీరు ఎంతసేపు ఆగారో మా సాఫ్ట్‌వేరు మొదట్నుంచీ దాస్తూనే ఉంది. ఐదేళ్లనాటి వోచరైనా సరే, ఎవరు కొట్టారో చెప్పేస్తుంది. పాస్‌వర్డు ఎవరిదైనా కానీండి.”

ఆ చివరి మాటకి దమయంతి చేతిలోని కాగితాన్ని బోర్లా తిప్పేసింది. ఎందుకంటే ఆ ఆఫీసులో పాస్‌వర్డు ఒక్కటే. ఇంకో యూజరు కావాలంటే ఇంకాస్త డబ్బు కట్టాలి, షావుకారు కాంతారావు కట్టనన్నాడు. అందుకని దమయంతి పేరూ, దమయంతి పాస్‌వర్డూ ఒక చీటీ మీద రాసి మానిటరు అంచుకి అంటించారు. ఆ కుర్చీలో ఎవరు కూచుంటే వాళ్లే దమయంతి. దీన్ని కాంతారావు పొదుపనేవాడు. ఏటా ఆడిటర్లు ఆ లెడ్జర్లు తిరగేసి, అంత పని ఒక్క మనిషే చేస్తోందని మెచ్చుకుని వెళ్లేవారు.

కొత్త యంత్రాలంటే కాంతారావుకి మోజు, ఊరికే ఇస్తే మరీ మోజు. రెండేళ్ల కిందట హాజరు కోసం బొటనవేలి యంత్రం తెచ్చాడు. జీడి సొనకి వేలిగీతలు చెరిగిపోయిన నలభై మంది ఆడవాళ్లు దాని ముందు వరస కట్టారు. అది ఒక్కరినీ పోల్చుకోలేదు. గంటసేపు పప్పు ఒలిచే పని ఆగిపోయింది. ఆ పెట్టె ఇప్పుడు వాచ్‌మన్ టీ గ్లాసు పెట్టుకోడానికి పనికొస్తోంది. ఈ ఏడో గడిని కూడా ప్రయోగం కోసం ఊరికే పెడతామన్నారు, ఆడిటరూ సరేనన్నాడు. ఇంకేం, కాంతారావు ఆ పూటే తలుపులు తెరిచేశాడు.

బుధవారం పొద్దున్నే ఆడిటరు గంటి సర్వేశ్వర్రావు శ్రీకాకుళం నుంచి వచ్చాడు. అయిదేళ్ల జనరల్ లెడ్జరూ ఖాతాల వారీగా, ఏడో గడితో సహా ప్రింటు తీయమన్నాడు. మధ్యాహ్నం దాకా ప్రింటరు గొణుగుతూనే ఉంది. దమయంతి ఒక్కో ఖాతా విడదీసి దారాలు కట్టి ఇస్తుంటే, ఆయన పక్కన గేటు రిజిస్టరు పెట్టుకుని కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూస్తున్నాడు. నాలుగైనా కాకముందే ‘లోడింగ్ కూలి’ ఖాతా దగ్గర ఆయన పెన్సిలు ఆగింది.

“అమ్మా, లారీ రాని రోజు లోడింగ్ కూలి ఎవరికిచ్చారు?”

లారీ ఎత్తినప్పుడల్లా లారీ స్టాండు దగ్గరున్న మేస్త్రీకి కూలి డబ్బు నగదుగా వెళుతుంది. దానికి బిల్లుండదు, వోచరొక్కటే. పోయిన ఏడాదికి ముందేడాది జనవరి నుంచి, మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా, పద్నాలుగు నెలల్లో పద్నాలుగు వోచర్లు. ఒక్కొక్కటీ ఆరువేల అయిదువందలు. అన్నీ నెల మొదటి రోజుల్లోనే. ఆ పద్నాలుగు రోజులూ గేటు దాటిన లారీ ఒక్కటీ లేదు. మొత్తం తొంభై ఒక్కవేలు. ఏడో గడిలో పద్నాలుగు చోట్లా 2.

కాంతారావుని పిలిచారు, ఢిల్లేశ్వరినీ పిలిచారు. ఇందుశ్రీ తన ప్రయోగం ఇంత తొందరగా పండినందుకు కాబోలు, మొహం వెలిగిపోతూ, “వినిపిస్తానుండండి,” అంది. ఆ వోచర్లలో ఒకదాన్ని తీసి, మీటల మధ్య దాచిన ఖాళీలను చప్పుడుగా మార్చింది. స్పీకరులోంచి టకటకా అక్షరాలు పడ్డాయి. అంకెలు వచ్చేచోట చిన్న విరామం. మళ్లీ టక టక టక టక. ఆ తర్వాత ఏమీ లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. చాలాసేపటికి ఎంటర్ మీట టప్పుమంది.

“పదకొండు సెకన్లు,” అంది ఇందుశ్రీ. “మిగతా వోచర్లలో అంకె పడీ పడగానే ఎంటర్ పడిపోతుంది. ఈ పద్నాలుగింటిలోనూ ఇలాగే ఆగిపోయింది. తప్పు చేస్తున్నామని తెలిసిన చెయ్యండీ అది.”

“ఏటే ఢిల్లీ!” కాంతారావు లేచాడు. “మీయమ్మ ఇక్కడే పప్పొలుస్తాది. కూలోళ్ల పిల్లవని జాలిపడి కుర్చీలో కూకోబెడితే, తిన్నింటి వాసాలు లెక్కెడతావేటి?”

“నాను రాయలేదు బాబూ. నాకు తెల్దు.” అంది ఢిల్లేశ్వరి. దమయంతి వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

శుక్రవారం లోగా డబ్బు కట్టి కాగితం రాసివ్వాలి, లేకపోతే పోలీసు కేసు, తల్లికీ కూతురికీ పని లేదు. కాంతారావు తీర్పు అది. దమయంతి దారాలు కట్టిన ఖాతాలను ఒకదాని మీద ఒకటి సర్దుతూ ఉండిపోయింది. ఆ పదకొండు సెకన్లూ ఆమె చెవిలో తిరుగుతున్నాయి. అంకెల ముందు ఆ చిన్న విరామం ఎక్కడిదో ఆమెకి తెలుసు.

ఇల్లు చేరినా స్థిమితం లేదు. కాళ్లు కడుక్కుంది, పొయ్యి వెలిగించింది, ఆర్పింది, ముందుగదిలోకి వెళ్లి నిలబడింది. అక్కడ గుడ్డలు కప్పిన తొమ్మిది టైపు మిషన్లున్నాయి. ఆమె భర్త త్రినాథ్ ముప్పై ఏళ్లు ఆ గదిలో టైపు నేర్పాడు. పలాసలో, కాశీబుగ్గలో ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్లలో సగం మంది ఆయన్ని మాస్టారు అనేవాళ్లే. పోయి ఏడాదిన్నరైంది, గుండెపోటు.

“అంకె ముందు ఊపిరి!” అని చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు. “అక్షరం తప్పితే నవ్వుతారు, అంకె తప్పితే ఏడుస్తారు. ఒక ఊపిరి తీసుకుని కొట్టండి.” ఇరవై ఏళ్లు వంటింట్లోంచి ఆ మాట విన్నా దమయంతి మాత్రం నేర్చుకోలేదు. ఆమెదంతా పరుగు. “నీ వేళ్లకి గాలాడదే,” అని ఆటపట్టించేవాడు.

అంకెల ముందు చిన్న విరామం. ఢిల్లేశ్వరి ఆయన దగ్గరే నేర్చుకుంది. అందుకే యంత్రం ఆయన్నీ, ఆ పిల్లనీ ఒకరే అనుకుంది. అంతదాకా ఆలోచించాక మిగతాది ఆలోచించకుండా ఉండాలని దమయంతి ఇల్లంతా రెండుసార్లు ఊడ్చింది. ఊడ్చినా అది పోలేదు.

రోజూ సాయంత్రం అయిదున్నరకి ఆయన ఫ్లాస్కులో టీ పట్టుకుని ఆఫీసుకి వచ్చేవాడు. ఆమె నగదు లెక్కబెట్టుకునేది. “ఊరికే కూచుంటే ఏటొస్తాది, ఆ నాలుగు వోచర్లూ నాను కొట్టేస్తాను,” అని కుర్చీలో కూచునేవాడు. బయటివాళ్లు లెక్కల్లో చెయ్యి పెట్టకూడదని ఆమెకి తెలుసు. మొగుడు బయటివాడెలా అవుతాడులే అనుకుంది. ప్రింటు తీసిన వోచర్లు ముందు పెడితే చూడకుండా సంతకం పెట్టేది. “మేస్త్రీ డబ్బులు ఇలాగియ్యి, దార్లోనే కదా, నాను ఇచ్చేస్తాను,” అనేవాడు. ఆమే లెక్కబెట్టి ఇచ్చేది.

బీరువాలోంచి ఇంటిఖర్చు పుస్తకం తీసింది. ఆఫీసు లెక్కల మనిషి కదా, ఇంటి లెక్కా తప్పకుండా రాస్తుంది. ‘ఇన్‌స్టిట్యూట్ ఫీజులు’ అని నెలనెలా ఆయన ఇచ్చినది రాసుకున్న చోటు. మూడువేలు, రెండువేలు, పన్నెండువందలు, సున్నా, సున్నా. ఆ జనవరి నుంచి ఉన్నట్టుండి ఆరువేలు. ఆరువేలు. ఆరువేలు. పద్నాలుగుసార్లు. వోచరు తేదీకీ దీనికీ ఒక్కరోజు తేడా. మిగిలిన అయిదువందలూ టీకీ, బస్సుకీ, నలుగురిలో మగాడనిపించుకోడానికీ అయ్యుంటాయి.

ట్రంకుపెట్టెలో ఇన్‌స్టిట్యూట్ హాజరు పుస్తకం కూడా ఉంది. అందులో ఆఖరి పేరు నాలుగేళ్ల కిందటిది, ఢిల్లేశ్వరి. ఫీజు అన్నచోట ‘వద్దు’ అని ఆయన చేతిరాత. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. నేర్చుకునేవాళ్లే లేని గదిలో ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేసేవాడు? మిషన్లకి నూనె రాస్తున్నానని చెప్పేవాడు. ఆమె నమ్మింది. మా ఆయన ఈ వయసులో కూడా సంపాదిస్తున్నాడని పక్కింటివాళ్లతో గొప్పలు కూడా చెప్పుకుంది. అది గుర్తొచ్చి ఆమె హాజరు పుస్తకం మూసి ట్రంకుపెట్టెలో పడేసింది. తన చేత్తో ఇచ్చిన డబ్బే మర్నాడు తన చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో ఆమె కందిపప్పు కొంది, కరెంటు బిల్లు కట్టింది, ఒకసారి చీర కూడా కొనుక్కుంది.

గురువారం పొద్దున్న ఢిల్లేశ్వరిని వెతుక్కుంటూ షెడ్డుకి వెళ్లింది. కాల్చిన జీడి పొగ, పొట్టు, నేల మీద వరసలుగా కూచున్న ఆడవాళ్లు. ఢిల్లేశ్వరి తల్లి పక్కన కూచుని పప్పు ఒలుస్తోంది. ఆఫీసులోకి రావద్దన్నారట. జీడి సొనకి ఒక్కపూటకే ఆ పిల్ల వేళ్లు నల్లబడ్డాయి.

దమయంతి ఆమెని గోడ వారకి పిలిచింది. “మాస్టారు సాయంత్రాలు కూకుని రాసేవారని నీకు తెలుసు కదే. నిన్న ఎందుకు సెప్పలేదు?”

“ఎలగ సెప్తానమ్మా? రూపాయి తీసుకోకుండా పని నేర్పిన మనిసి. పోయినోల్ల పేరు సెప్పి తప్పించుకోడానికి నాకు నోరు రాలేదు.” ఆమె చీర చెంగుతో వేళ్లు తుడుచుకుంది. “అయినా మీరే సెప్తారనుకున్నాను.”

దమయంతికి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తిరిగొచ్చింది. ఆ రోజంతా లెక్కలు తప్పాయి. కూడిందే కూడింది. చచ్చినవాడు, ఆయనకేం, వినడు, కనడు. ఊళ్లో ఇంకా మాస్టారూ అని చేతులెత్తి దండం పెట్టే పేరు అది. ఆ పేరొక్కటే ఆమెకి ఆయన మిగిల్చిన ఆస్తి. దాన్ని తన నోటితో పాడు చేయాలా? ఇటు చూస్తే నల్లబడ్డ వేళ్లు. సాయంత్రానికి ఆమెకొక ఉపాయం తోచింది. యంత్రం తప్పని నిరూపిస్తే చాలు. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు.

శుక్రవారం పదకొండింటికి అందరూ నమూనాల గదిలో చేరారు. ఢిల్లేశ్వరి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె తల్లి బయట.

“ఇందుశ్రీ, ఒక వోచరు నేను కొడతాను. అందరి ముందూ,” అంది దమయంతి. “ఏడో గడి ఏమంటుందో చూడు.”

“మీదైతే ఒకటి వస్తుందండీ. పది లక్షల్లో ఒక్కసారి కూడా తప్పదు.”

దమయంతి కూచుంది. జీవితంలో మొదటిసారి తొందరపడకుండా కొట్టింది. అక్షరాలు సమంగా, ఒకే నడకలో. అంకె దగ్గరికి రాగానే ఆగింది. ఒక ఊపిరి. కొట్టింది. బల్ల మీద చెక్క స్కేలు చప్పుడు విన్నట్టే ఉంది ఆమెకి. పది వోచర్లు అలాగే కొట్టి ప్రింటు ఇచ్చింది. ఆడిటరు కాగితం అందుకుని ఏడో గడి మీద వేలు పెట్టాడు. 2. కింద 2. చివరిదాకా 2.

ఇందుశ్రీ మొహంలో రంగు పోయింది. “ఇదెలా? మీరు... ఎలా చేశారు?”

“ఈ ఊళ్లో సగం మంది ఒకే గదిలో టైపు నేర్చుకున్నారమ్మా. అంకె ముందు ఊపిరి తీసుకోమని నేర్పారు. మీ యంత్రం మనిషిని పట్టుకోలేదు. పాఠాన్ని పట్టుకుంది.”

సర్వేశ్వర్రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మంచివాడే, తొందరలో ఉన్నాడు. “అయితే ఆ పద్నాలుగూ ఎవరివో తేలదు. తొంభై ఒక్కవేలూ తేలని లెక్కలుండే సస్పెన్సు ఖాతాలో పడేయండి. అమ్మాయి మీద కేసు నిలవదు.”

దమయంతికి గుండెల మీంచి బండ దిగింది. అయిపోయింది. ఎవరి పేరూ రాలేదు. లేవబోయింది.

“కేసు లేదు, సరే,” అన్నాడు కాంతారావు. “గానీ ఆ పిల్లని ఆఫీసులోకి రానివ్వలేనండి. నిప్పు లేనిదే పొగ రాదు కదా. షెడ్డులో ఒలుసుకోమనండి, వాల్లమ్మతోటి.”

ఢిల్లేశ్వరి గుమ్మం వదిలి వెనక్కి ఒక అడుగు వేసింది, అంతే. నేరం రుజువైతే ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. అనుమానం తీరదు. ఆ పిల్ల ముసలిదైపోయినా, ఆఫీసు డబ్బు తిందని అప్పట్లో అనుకున్నారు అంటూనే ఉంటారు. దమయంతి మళ్లీ కుర్చీలో కూలబడింది.

“ఉండండి బాబూ. సస్పెన్సు వద్దు. ఎంట్రీ నేను రాస్తాను.”

ఈసారి తన చేత్తోనే కొట్టింది, తన పరుగుతో. డెబిట్: దమయంతి ఖాతా, తొంభై ఒక్కవేలు. క్రెడిట్: లోడింగ్ కూలి. వివరం దగ్గర ఏళ్ల తరబడి ‘నగదు చెల్లింపు’ అని రెండు మాటలు కొట్టడం తప్ప ఎరగని మనిషి, అక్కడ గడి నిండిపోయేదాకా కొట్టింది. *ఈ పద్నాలుగు వోచర్లూ నా భర్త త్రినాథ్ నా పాస్‌వర్డుతో రాసినవి. చూడకుండా సంతకం పెట్టింది నేను. డబ్బు లెక్కబెట్టి ఇచ్చింది నేను. ఖర్చయింది నా ఇంట్లో. ఢిల్లేశ్వరికి సంబంధం లేదు.*

ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయింది. తెర మీద ఆయన పేరు. కళ్లు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ దగ్గలేదు. తర్వాత నొక్కింది.

ప్రింటులో ఏడో గడి 1 అంది. ఆ ఒక్కసారి అది నిజమే చెప్పింది.

ఆ తొంభై ఒక్కవేలూ నెలకి మూడువేల చొప్పున జీతంలో కోసుకుంటానన్నాడు కాంతారావు. నగదు పెట్టె తాళం ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాడు. అయినా పందొమ్మిదేళ్ల మనిషిని పొమ్మనలేకపోయాడు, పాత వోచర్లు దారాలు కట్టే పని ఇచ్చాడు. సోమవారం నుంచి ఢిల్లేశ్వరి ఆ కుర్చీలో కూచుంది. మానిటరు అంచున చీటీ పోయింది. ఇప్పుడు ఎవరి పేరు వాళ్లది, ఎవరి పాస్‌వర్డు వాళ్లది. కాంతారావు అదనపు డబ్బు కట్టాడు, మూలుగుతూ. శుక్రవారం సాయంత్రానికల్లా మాస్టారి సంగతి ఊరంతా పాకింది. కూరల బజారులో ఆమెని చూసి ఇద్దరు మాటలు ఆపేశారు.

మంగళవారం ఇందుశ్రీ యంత్రాలు సర్దుకుంటూ దమయంతిని లోపలికి పిలిచింది. వచ్చిన రోజున్న వెలుగు ఆ మొహంలో లేదు.

“మావాళ్లకి అంతా చెప్పానండీ. ఏడో గడి తీసేస్తున్నారు. ఇంకో ఊళ్లో ఒకాయన్ని ఈ గడి మాట నమ్మి ఉద్యోగంలోంచి తీసేశారట. ఆయన టైపు ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.” కాసేపు తీగలు చుట్టింది. “దాచిన ఖాళీలన్నీ ఇవాళ చెరిపేయాలి. చెరిపేముందు... మాస్టారివి ఒకసారి వింటారా?”

దమయంతి వద్దందామనుకుంది. తల మాత్రం ఊపింది. ఇందుశ్రీ పద్నాలుగింటిలో మొదటిదాన్ని పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికెళ్లింది.

టకటకా అక్షరాలు. ఎంత సమంగా కొట్టేవాడు మనిషి. ఒక ఊపిరి. ఆరు. అయిదు. సున్నా. సున్నా. ఆపైన నిశ్శబ్దం. ఆ పదకొండు సెకన్లు ఆయన ఏం చేశాడో ఇప్పుడామెకి తెలుసు. కుర్చీలోంచి ఆమె వైపు చూస్తూ కూచున్నాడు. ఆమె తల వంచుకుని నోట్లు లెక్కబెట్టుకుంటోంది. తల ఎత్తి ఒక్క మాట అడిగి ఉంటే ఆ వేలు వెనక్కి వచ్చేసేదేమో.

“ఏటయ్యిందండీ?” అంది దమయంతి స్పీకరు వైపు వంగి. “ఏటయ్యింది? నాతో సెప్పండి. ఫీజులు రాకపోతే ఏటి, నా జీతం లేదా?”

ఇంకా రెండు సెకన్లున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి వింది.

ఎంటర్ మీట టప్పుమంది.